తప్పు నాది, తోక దానిది

మా ఇంట్లో బంటి అని ఒక కుక్క ఉంది. ఏ జాతి అని అడక్కండి, దానికీ తెలీదు. ఓ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నా చెప్పుల జతలో ఎడమది గుమ్మం దగ్గర మూడు ముక్కలై పడుంది. కుడిది చెక్కుచెదరలేదు. ఆ ముక్కల్లో పెద్దది చేత్తో పట్టుకుని లోపలికెళ్తే, బంటి సోఫా కింద నుంచి సగం బయటికొచ్చి ఆగిపోయింది. చెవులు వెనక్కి, తోక కాళ్ళ మధ్యకి, చూపు నేల మీదకి. మధ్యమధ్యలో ఒక్కసారి నా మొహంలోకి చూసి మళ్ళీ దించేసుకుంటోంది.

నా కోపం అక్కడికక్కడే చల్లారింది. "చూశావా, దీనికున్న సిగ్గులో సగం మనుషులకి ఉంటే ఎంత బాగుండేది" అన్నాను మా ఆవిడతో. ఆ రోజు ఆఫీసులో ఒక మహానుభావుడు తను చేసిన తప్పు నా నెత్తిన రుద్ది, మీటింగు అయ్యేదాకా నా ఎదురుగానే నవ్వుతూ కూర్చున్నాడు. అది మనసులో ఉండి వచ్చిన మాట. ఏదో గొప్ప సత్యం కనిపెట్టినట్టు ఫీలయ్యాను కూడా.

ఆ సత్యానికి ఆయుష్షు తక్కువైంది. న్యూయార్క్‌లో కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ సరిగ్గా ఈ మొహం మీదే ప్రయోగం చేసి 2009లో ప్రచురించారని తర్వాత చదివాను. మొత్తం 14 కుక్కలు. యజమాని తినడానికి ఏదో ఒకటి చూపించి "ముట్టుకోకు" అని చెప్పి గదిలోంచి వెళ్ళిపోవాలి. లోపల కుక్క తిందో లేదో అతనికి తెలీదు. తిరిగొచ్చాక ప్రయోగం చేసేవాళ్ళు చెప్పిందే నమ్మాలి. వాళ్ళేమో కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు కావాలనే అబద్ధం చెప్పారు. తిన్న కుక్క మొహానికీ తినని కుక్క మొహానికీ తేడా లేదు. తేడా అంతా యజమాని తిట్టాడా లేదా అన్న దగ్గరే. ఇంకా విడ్డూరం, ఏ పాపమూ ఎరగకుండా తిట్లు తిన్న కుక్కలే అందరికన్నా ఎక్కువ నేరస్థుల్లా కనబడ్డాయట.

అంటే ఆ సాయంత్రం బంటి మొహంలో ఉన్నది పశ్చాత్తాపం కాదు. చేతిలో చెప్పు పట్టుకుని ఒక మనిషి నడిచొస్తే తర్వాత ఏం జరుగుతుందో దానికి అనుభవమే. ఒక ప్రాణి నా ముందు వణుకుతుంటే నేను ఆహా ఎంత నీతి అని మెచ్చుకున్నాను. చరిత్రలో చాలామంది రాజులకు కూడా జనం మొహాల్లో భక్తి ఇలాగే కనబడి ఉంటుంది.

అప్పటినుంచి జంతువుల గురించి మనం మాట్లాడే మాటలు నాకు వేరేగా వినబడడం మొదలైంది. మన భాష నిండా వాటి మీద పెట్టిన కేసులే. దొంగ ఏడుపు ఏడిస్తే మొసలి కన్నీరు. మాట మారిస్తే ఊసరవెల్లి. మోసానికి నక్కజిత్తులు. దొంగభక్తికి కొంగజపం. ఆలోచించకుండా పదిమంది వెంట పోతే గొర్రెదాటు. పగ పడితే పాముపగ. ఎంత చెప్పినా మారకపోతే కుక్కతోక. ఇవేవీ సరిపోనంత ఘోరం జరిగితే, పేపర్లో పెద్దక్షరాలతో 'మానవ మృగం'. ఆ మృగం తలుపుకి గడియ పెట్టిన మాట, ఫోన్లో వీడియో తీసిన మాట, తర్వాత మంచి లాయర్ని పెట్టుకున్న మాట లోపలి పేజీలో ఉంటాయి. అడవిలో ఈ మూడూ చేయగలిగిన మృగం పేరు ఒక్కటి చెప్పండి.

ఈ కేసుల్లో చాలావరకు విచారణకి నిలబడవు. మొసలినే తీసుకోండి. మొసలికి దగ్గరి చుట్టాలైన ఎలిగేటర్లు, కైమన్లు తిండి తినేటప్పుడు నిజంగానే కళ్ళనీళ్ళు పెడతాయని 2007లో ఫ్లోరిడాలో వీడియో తీసి మరీ చూశారు. ఏడింటిలో ఐదు ఏడ్చాయి. తినేటప్పుడు అవి బుసకొడుతూ గాలి బలంగా వదులుతాయి, ఆ ఒత్తిడికి కన్నీళ్ళు బయటికొస్తుండవచ్చని పరిశోధకుల ఊహ. ఏ కారణం అయినా, అది ఎవరి దగ్గరా సానుభూతి సంపాదించడానికి ఏడవడం లేదు. ఏడ్చాక పరామర్శకి వచ్చినవాళ్ళతో ఫొటో దిగడమూ లేదు.

ఊసరవెల్లికి జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. అది దాక్కోవడానికి రంగులు మారుస్తుందని మనందరి నమ్మకం. అసలు సంగతి వేరు. రంగు మార్పులో ఎక్కువభాగం తోటి ఊసరవెల్లికి కబురు చెప్పడం, మిగతాది ఒంటి వేడి సర్దుకోవడం. దాని చర్మంలో కంటికి కనబడనంత చిన్న స్ఫటికాల వరసలు ఉంటాయి, వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. ఎదుట పోటీ మగది నిలబడితే పచ్చగా ఉన్నది కాస్తా పసుపు, నారింజ రంగుల్లోకి తిరిగిపోతుంది. అంటే ఊసరవెల్లి లోపల ఏముందో తోలు మీద పరిచి చూపిస్తుంది. కడుపులో కత్తులు పెట్టుకుని నిండుగా నవ్వే విద్య దానికి రాదు. మాట మార్చిన నాయకుణ్ణి ఊసరవెల్లి అనడం ఆ నాయకుణ్ణి పొగడడమే.

ఇక పాము. మనిషిని గుర్తుపెట్టుకుని, వెతుక్కుంటూ వచ్చి కాటేసిన పాము దాఖలా ఒక్కటీ లేదు. నిజంగా పగబట్టేది కాకి. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఒక రకం మాస్కు తొడుక్కుని కొన్ని కాకుల్ని పట్టుకుని, కాళ్ళకి గుర్తులు కట్టి వదిలేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ మాస్కుతో ఎవరు బయటికొచ్చినా కాకులు చుట్టుముట్టి అరిచాయి. అప్పుడు వలలో పడని కాకులు కూడా. పెద్దవాళ్ళ గొడవ పిల్లలకి అప్పజెప్పడం మనకే తెలుసనుకున్నాం. పగ కాకిది, పేరు పాముది. కొంగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాపం అది చేపకోసం ఒంటికాలి మీద కదలకుండా నిలబడింది. జపం చేస్తున్నానని అది ఏ చేపకీ చెప్పలేదు. ఆ మాట అన్నది గట్టు మీదున్న మనం.

మన పొగడ్తలూ ఇంతే. కాపురం చిలకా గోరింకల్లా ఉండాలని దీవిస్తాం. చిలక ఒక జాతి, గోరింక ఇంకో జాతి అన్నది దీవించేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నిజంగా కులం వేరైన జంటని ఆ పక్షుల పేరుతో దీవించడానికి మాత్రం చాలామందికి నోరు రాదు. చీమల్ని చూసి కష్టపడడం నేర్చుకో అని పిల్లలకి చెబుతాం, బైబిల్లో కూడా సోమరిని చీమల దగ్గరికే పంపించారు. అరిజోనాలో డేనియల్ షార్బొనో, అన్నా డోర్న్‌హౌస్ చీమల మీద రంగుచుక్కలు పెట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా గమనిస్తే, ఆ పుట్టలో 40 శాతం దాకా ఎక్కువసేపు ఏ పనీ చేయకుండా నిలబడి ఉన్నాయి. బాగా పనిచేసే చీమల్ని తీసేశాక, ఆ ఖాళీ చీమల్లోంచి కొన్ని వచ్చి పని అందుకున్నాయని తర్వాత తేలింది. కాబట్టి సోమరులని తేల్చేయడానికీ లేదు, రిజర్వు బలగం అనుకోవచ్చు. మా ఆఫీసులో ఈ సంగతి చెప్పాక ముగ్గురు తమని రిజర్వు బలగంగా ప్రకటించుకున్నారు.

అసలు ముచ్చట తోడేలుది. ఒకసారి నాయకత్వ లక్షణాల మీద ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినాయన 'ఆల్ఫా తోడేలు' బొమ్మ తెరమీద వేసి గంటసేపు మాట్లాడాడు. మందలో బలమైనది మిగతావాటిని కొట్టి, తొక్కి పైకి వస్తుంది, మీరూ అలా ఉండాలి అని సారాంశం. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశోధన నుంచి ఈ కథ బయల్దేరింది. ఆయన చూసినవి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో, ఒకదానికొకటి సంబంధం లేకుండా తెచ్చి ఒకే దొడ్లో పడేసిన తోడేళ్ళు. తోడేళ్ళ నిపుణుడు డేవిడ్ మెచ్ 1970లో రాసిన పుస్తకం ఆ మాటకి ఊరూరా ప్రచారం తెచ్చింది. తర్వాత ఆయనే అడవిలో తోడేళ్ళ వెంట తిరిగి చూస్తే, మంద అంటే ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ళ పిల్లలు. అంతకుమించి ఏమీ లేదు. ఎవరూ ఎవరినీ ఓడించి నాయకుడు కాలేదు, పిల్లల్ని కని నాయకుడయ్యారు. 1999లో ఆయన 'ఆల్ఫా' అన్న మాట వదిలేయమని వ్యాసం రాశాడు, తన సొంత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తల్ని బతిమాలాడు. జైల్లో ఖైదీల్ని చూసొచ్చి కుటుంబాల గురించి రాసినట్టయింది వ్యవహారం. తోడేలు నిపుణుడు మాట వెనక్కి తీసుకుని పాతికేళ్ళు దాటింది. మేనేజర్లు ఇంకా తీసుకోలేదు.

మనిషి ఈ పనిని ఒకప్పుడు కోర్టులోనే పెట్టి చేశాడు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు జంతువుల మీద కేసులు నడిచాయి. 1386లో ఫ్రాన్స్‌లోని ఫాలేజ్ ఊళ్ళో పసిబిడ్డని చంపిందని ఒక ఆడపందిని ఉరితీశారు. 1457లో సావిన్యీలో ఐదేళ్ళ పిల్లాణ్ణి చంపిన ఇంకో ఆడపందికి కూడా అదే శిక్ష పడింది. దాని పిల్లలు ఆరింటి మీదా రక్తం మరకలు ఉన్నా, అవి నేరంలో పాలుపంచుకున్నట్టు రుజువు లేదని వాటిని వదిలేశారు. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఫ్రాన్స్‌లోనే ఓతాఁ అనే ఊరి ఎలుకల కేసు. 16వ శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో ఎలుకలు పంట తినేశాయని వాటికి సమన్లు పంపించారు. వాటి తరఫున వాదించిన వకీలు పేరు బార్తలెమీ షసనే. ముద్దాయిలు హాజరు కాకపోతే ఆయన లేచి, నా క్లయింట్లు ఊరూరా చెదిరి ఉన్నారు, ఒక్క నోటీసు అందరికీ ఎలా అందుతుంది అన్నాడట. ఊరూరా చదివి వినిపించారు. అయినా రాలేదు. అప్పుడు, దారి పొడుగునా పిల్లులున్నాయి, ప్రాణభయం ఉన్నచోటికి రమ్మనడం చట్టం ఒప్పుకోదు అన్నాడట. ఆ వకీలు వాదన చదివి మొదట పగలబడి నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. ప్రాణభయంతో కోర్టుకి రాలేకపోయిన మనుషుల కేసుల్లో ఇంత ఓపిగ్గా వాయిదాలిచ్చారా అన్న అనుమానం వచ్చి.

ఇంతవరకు సరదా. ఇక్కణ్ణుంచి నాకు నిద్ర పట్టనివ్వని రెండు ప్రయోగాల గురించి చెప్పాలి. రెండూ అమెరికాలోనే, ఒక ఏడాది తేడాలో అచ్చయ్యాయి.

మొదటిది చాలామందికి తెలిసిందే. యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసింది, 1963లో వచ్చింది. 40 మంది మామూలు మగవాళ్ళు, ఉద్యోగాలు, సంసారాలు ఉన్నవాళ్ళు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఒక మీట నొక్కి కరెంటు షాక్ ఇవ్వాలి, ప్రతి తప్పుకీ 15 వోల్టులు పెంచుతూ పోవాలి. పక్క గదిలో మనిషి గోడ బాదుతాడు, తర్వాత చప్పుడు కూడా ఆగిపోతుంది. నిజానికి అతను నటిస్తున్నాడు, షాక్ ఉత్తుత్తిది. కానీ మీట నొక్కేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. 40 మందిలో 26 మంది చివరి మీట, 450 వోల్టుల దాకా నొక్కారు. వాళ్ళు రాక్షసులేం కాదు. చెమటలు పట్టాయి, వణికారు, కొందరు పిచ్చిగా నవ్వారు. ఆ వరస ప్రయోగాల్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇతనికి ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది? పక్కన కోటు వేసుకుని నిలబడ్డాయన, నాది అన్నాడు. సరే అని మళ్ళీ నొక్కారు.

రెండోది 1964లో షికాగోలో జూల్స్ మాసర్‌మన్, ఆయన తోటివాళ్ళు రీసస్ కోతుల మీద చేసింది. రెండు గొలుసులు, లాగితే తిండి వస్తుంది. కొన్నాళ్ళు అలవాటయ్యాక మెలిక పెట్టారు. వాటిలో ఒక గొలుసు లాగగానే అద్దం అవతల ఉన్న ఇంకో కోతికి షాక్ తగులుతుంది. అది ఎగిరిపడడం, అరవడం లాగిన కోతికి కనబడుతుంది. ఎక్కువ కోతులు ఆ గొలుసు వదిలి రెండోదాని వైపు మొగ్గాయి. ఒకటి ఐదు రోజులు ఏ గొలుసూ లాగకుండా కూర్చుంది. ఇంకొకటి 12 రోజులు. పస్తులుండి. అంతకుముందు తాము షాక్ తిన్న కోతులైతే ఇంకా ఎక్కువ వెనకాడాయి.

ఆ కోతి లోపల ఏమనుకుందో నాకు తెలీదు. జాలి అని పేరు పెడితే చెప్పు ముక్క పట్టుకుని చేసిన పొరపాటే మళ్ళీ చేసినట్టు. ఎదుటి కోతి కేక చెవులకి భరించలేనిది అయ్యుండొచ్చు, అంతే. అలా అనుకున్నా ఒక లెక్క మిగులుతుంది. బాధపడుతున్న చప్పుడు రెండు గదుల్లోనూ వినబడింది. ఒక గదిలో వినేవాడికి, నీదేం తప్పులేదు అని చెప్పే మనిషి పక్కనున్నాడు. రెండో గదిలో లేడు. కోతికి బాధ్యత అప్పజెప్పే చోటు లేదు. దానికి పై అధికారి లేడు, రూలు పుస్తకం లేదు, దేశం కోసం, సైన్సు కోసం అన్న మాట లేదు. గొలుసు, కేక, తను. నీతి అనేది మనిషికి దేవుడో పరిణామమో ఇచ్చిన వరం అంటారు. ఆ వరంతోపాటు వచ్చిన ఇంకో సామాను గురించి ఎవరూ చెప్పరు. చేసిన పనిని చేతినుంచి విడదీసి పక్కవాడి ఖాతాలో వేసే నేర్పు. అందులో మనకి ఈ భూమ్మీద పోటీ లేదు.

అన్నట్టు, చిన్న వివరం. మనుషులకిచ్చిన షాక్ ఉత్తుత్తిది అన్నాను. కోతులకిచ్చింది నిజం షాకే. మిల్‌గ్రామ్ ప్రయోగం మనుషులకి మానసిక క్షోభ కలిగించిందని తర్వాత పెద్ద గొడవే అయింది. కావాల్సిందే కూడా. కోతుల ప్రయోగం మాత్రం దయాగుణానికి ఉదాహరణగా పుస్తకాల్లోకి ఎక్కింది. గొలుసుకి కరెంటు తీగ కలిపింది ఎవరన్న దాని మీద ఏ పుస్తకమూ ఎక్కువసేపు ఆగదు.

ఇంతదూరం చదివి మీలో కొందరు, మరందుకే మనుషులకంటే జంతువులే నయం అని తలూపుతుంటారు. అక్కడే ఆగండి. ఫోన్లలో తిరిగే ఆ సుభాషితాలు నాక్కూడా వస్తాయి. సూర్యోదయం బొమ్మ మీద 'ఏ జంతువూ తన జాతిని చంపదు', సింహం బొమ్మ మీద 'ఆకలైతేనే వేటాడుతుంది'. పచ్చి అబద్ధాలు. రాసినవాళ్ళు ఇంట్లో పిల్లిని కూడా సరిగ్గా చూసినట్టు లేరు.

టాంజానియాలోని గోంబేలో జేన్ గుడాల్ ఏళ్ళ తరబడి చూసిన చింపాంజీల గుంపు రెండుగా చీలింది. 1974 నుంచి 1978 దాకా పెద్ద గుంపులోని మగవి, ఒంటరిగా దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుని చంపుతూ, విడిపోయిన గుంపులో మగవాటినన్నిటినీ లేకుండా చేశాయి. చచ్చినవన్నీ ఒకప్పుడు వాటితో కలిసి పెరిగినవే. చింపాంజీలు మనకన్నా మంచివనుకున్న గుడాల్‌కి అది చాలాకాలం మింగుడుపడలేదు. మౌంట్ అబూలో సారా హర్డీ కొండముచ్చుల్ని గమనించారు. గుంపుని కొత్తగా స్వాధీనం చేసుకున్న మగది పాత మగదాని పసికందుల్ని చంపడం గురించి 1970లలో రాశారు. సింహాలూ అదే చేస్తాయి. 2016లో స్పెయిన్ శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా క్షీరద జాతుల్లో, ఎన్ని చావులు సొంత జాతి చేతుల్లో జరుగుతున్నాయో లెక్కలు తీశారు. పట్టికలో అందరికన్నా పైనున్నది పులి కాదు, తోడేలు కాదు. వెనక కాళ్ళ మీద నిలబడి కాలెండర్లకి ఫోజులిచ్చే, ముంగిసకి చుట్టమైన మీర్‌కాట్. దాని చావుల్లో దాదాపు 20 శాతం తోటి మీర్‌కాట్ల పనే.

ఇలాంటి నిజాలు ఎదురైనప్పుడు పెద్దమనుషులు ఏం చేస్తారో జార్జ్ మర్రీ లెవిక్ కథ చెబుతుంది. 1911-12లో అంటార్కిటికాలో కేప్ అడేర్ దగ్గర అడెలీ పెంగ్విన్ల మధ్య ఒక సీజన్ మొత్తం గడిపిన డాక్టర్ ఈయన. బలవంతాలు, చచ్చిన ఆడపక్షులతో సంభోగాలు చూసి అదిరిపోయి, ఎవరు పడితే వాళ్ళు చదవకుండా నోటుబుక్కులో కొన్ని భాగాలు గ్రీకులో రాసుకున్నాడు. ఇంగ్లండ్ వచ్చాక ఆ సంగతులు విడిగా చిన్న కాగితంగా వేసి, ప్రచురణకి కాదు అని ముద్ర కొట్టి కొద్దిమందికే పంచారు. అది మళ్ళీ బయటపడి అచ్చయింది 2012లో. పెంగ్విన్ అప్పటికే నూరేళ్ళుగా సూటు వేసుకున్న సంసారిగా చలామణీ అయింది. ఆలోచిస్తే, ఆ మొత్తం కథలో సిగ్గుపడింది ఒక్క డాక్టరే.

జంతువుని తిట్టుగా వాడతాం, ఎదుటివాడు తప్పు చేసినప్పుడు. ఆదర్శంగా వాడతాం, మనుషుల మీద విసుగొచ్చినప్పుడు. మూడో వాడకం ఒకటుంది, అసలు ప్రమాదం అక్కడ. తప్పు మనదైనప్పుడు జంతువు సాక్షిగా బోనెక్కుతుంది. 'ప్రకృతి సహజం' అన్న మాటతో. మగాడు ఒక్కరితో ఉండలేడండీ, సింహాన్ని చూడండి. బలహీనుడు పోతాడండీ, అడవి న్యాయం. ఇలా మాట్లాడేవాళ్ళు సాక్షుల్ని ఎంత జాగ్రత్తగా ఏరుకుంటారో గమనించండి. సింహాన్ని పిలిచినాయన మచ్చల హైనాని పిలవడు, అక్కడ ఆడదే పెత్తనం, మగది అందరికన్నా కింద. ఏనుగుల్ని పిలవడు, మందని నడిపేది పెద్ద వయసు ఆడ ఏనుగు. సముద్రం అడుగున ఉండే ఆంగ్లర్ చేపల్ని అసలు పిలవడు. వాటిలో కొన్ని జాతుల్లో వేలెడంత మగచేప ఆడచేపని కరిచి పట్టుకుని, క్రమంగా దాని ఒంట్లో కలిసిపోతుంది. రక్తం కూడా దానిదే. బతికినంతకాలం వీర్యం ఇచ్చే బుడిపెలా వేలాడుతుంది. ఇది కూడా నూటికి నూరుపాళ్ళు ప్రకృతి సహజమే. ఈ మార్గంలో నడుస్తానని ముందుకొచ్చిన మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

లోకంలో ఇలా ఉంది అన్నదాంట్లోంచి ఇలా ఉండాలి అన్నది ఊడిపడదని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే రాసి పెట్టాడు. దాన్ని చదివినవాళ్ళు తక్కువ. చదివి, తమకి అవసరం వచ్చినప్పుడు గుర్తుంచుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. నన్ను కూడా కలుపుకోండి.

నాకు అద్దంలో చూసుకున్నట్టు అనిపించేది కోతీ కాదు, చింపాంజీ కాదు. పగడపు దిబ్బల్లో ఉండే క్లీనర్ రాస్ అనే చిన్న చేప. దాని వృత్తి పెద్ద చేపల ఒంటిమీద పురుగులు ఏరి తినడం. దానికి రుచించేది మాత్రం పురుగు కాదు, పెద్ద చేప ఒంటిమీది జిగురు. అది కొరికితే పెద్ద చేపకి నొప్పి, మోసం చేసినట్టు లెక్క. రెదువాన్ బషారీ వీటి మీద చాలా పనిచేశారు. పక్కన ఇంకో గిరాకీ చేప నిలబడి చూస్తుంటే ఈ చేప బుద్ధిగా పురుగులే తింటుందని ఆయన, అలెగ్జాండ్రా గ్రటర్ 2006లో చూపించారు. చూసేవాళ్ళు లేకపోతే జిగురు మీద పడుతుంది. అందుకే కెమెరా ఉన్న కూడలి దగ్గర సిగ్నల్‌కి ఆగినప్పుడల్లా నా ఒంటిమీద పొలుసులు ఉన్నాయేమో తడుముకుంటాను. ఆ చేపకీ నాకూ ఒకటే తేడా. ఆగినందుకు నన్ను నేను మంచి పౌరుణ్ణి అనుకుంటాను, అది అనుకోదు.

కపుచిన్ కోతుల ప్రయోగం కూడా మీరు చూసే ఉంటారు. సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ 2003లో చేసింది. రెండు కోతులకీ ఒకే పని, ఒకే జీతం, దోసకాయ ముక్క. ఇద్దరూ హాయిగా తిన్నారు. పక్క కోతికి ద్రాక్షపండు ఇవ్వడం మొదలుపెట్టాక, దోసకాయ కోతి ఆ ముక్క తీసుకోవడం మానేసింది, తీసుకున్నా విసిరికొట్టింది. ఆ కోపం అన్యాయం మీదా, కనబడిన ద్రాక్ష అందలేదన్న ఉక్రోషమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. మనుషుల్లో అది తేలిపోయినట్టు! నాకు మాత్రం ఆ వీడియోలో రెండో కోతి మీదే కన్ను పడింది. పక్కన అంత రభస జరుగుతుంటే అది కిక్కురుమనకుండా ద్రాక్ష తింటోంది. నేను ద్రాక్ష వరసలో ఉన్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో నేనూ న్యాయం గురించి పెద్దగా మాట్లాడలేదు.

ఇదంతా రాయడం మొదలుపెట్టిన వారంలోనే ఇంకో సంగతి జరిగింది. రాయకుండా దాటేద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున ఫోన్లో మాట్లాడుతూ వరండాలో అటూఇటూ తిరుగుతున్నాను. నా మోచెయ్యి తగిలి, గోడ మీదున్న పూలకుండీ కింద పడి పగిలింది. మా ఆవిడ రెండేళ్ళుగా సాకుతున్న మొక్క. మట్టి గుమ్మం దాకా చెదిరింది. ఎండలో పడుకున్న బంటి ఉలిక్కిపడి లేచి, ఏమైందో చూద్దామని ఆ మట్టిలోకే నడిచొచ్చి వాసన చూస్తోంది. లోపలినుంచి, "ఏంటండీ ఆ చప్పుడు?" అని వినబడింది.

నేను ఏమీ అనలేదు. అబద్ధం కూడా చెప్పలేదు, ఆ మాట నా తరఫున నమోదు చేసుకోవాలి. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కుక్క వైపు చూశానంతే.

ఆవిడ బయటికొచ్చి ముక్కలు చూసింది, మట్టిలో నాలుగు కాళ్ళూ పెట్టి నిలబడ్డ బంటిని చూసింది. "బంటీ!" అంది. ఇంకేముంది. చెవులు వెనక్కి, తోక కాళ్ళ మధ్యకి, చూపు నేల మీదకి.

"దాని మొహం చూడండి, తప్పు చేశానని ఎలా చెబుతోందో" అంది మా ఆవిడ.

"అవును" అన్నాను. వెళ్ళి చీపురు తెచ్చి మట్టంతా నేనే ఎత్తాను. ఎంత మంచివారండీ అంది కూడా.

రాత్రి బంటి మామూలుగానే వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. నన్ను క్షమించిందని రాయబోయి, ఆ వాక్యం కొట్టేశాను. నా పాదాల దగ్గర కాస్త వెచ్చగా ఉంటుంది, అందుకు వచ్చి ఉంటుంది.